పాత తాళాలు, కొత్త కాపలాదారు

పెదనాన్న పోయిన ఏడాదికి పెద్దమ్మ ఆయన ల్యాప్‌టాప్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆన్ అవడానికే అరగంట పడుతోందిరా. మొన్న షాపులో ఇస్తే కొత్త విండోస్ వేసిచ్చాడు. ఇప్పుడు చకచకా నడుస్తోంది. కానీ మీ పెదనాన్న పాటలు మాత్రం తెరుచుకోవటం లేదు" అంది.

ఆ పాటలంటే కోనసీమ ఊళ్లలో ముసలమ్మలు పాడినవి. నలుగు పాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు. పెదనాన్న రిటైరయ్యాక ఒక చిన్న రికార్డరు జేబులో వేసుకుని, బస్సుల్లోనూ ఆటోల్లోనూ తిరిగి ఏళ్ల తరబడి పోగుచేశాడు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

షాపువాడు తన పని జాగ్రత్తగానే చేశాడు. సీ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, పాత విండోస్ 7 తీసేసి, విండోస్ 10 ప్రొఫెషనల్ వేశాడు. పాటలున్న డీ డ్రైవ్ జోలికి వెళ్లలేదు. పెద్దమ్మ అడిగిందని పెదనాన్న పేరుతోనే అకౌంట్ తెరిచి, పాత పాస్‌వర్డే పెట్టాడు. పేరూ పాస్‌వర్డూ పాతవే, ఫైళ్లు అక్కడే ఉన్నాయి. అయినా డీ డ్రైవ్‌లో ‘నలుగు’ ఫోల్డర్ మీద నొక్కితే అనుమతి లేదంటోంది. ‘అప్పగింతలు’ ఫోల్డర్ తెరుచుకుంటోంది గానీ, లోపల ఏ పాట మీద నొక్కినా అదే మాట. యాక్సెస్ ఈజ్ డినైడ్.

ఒకే మాట రెండుచోట్ల వినిపిస్తే రెండుచోట్లా ఒకటే జబ్బనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఆ రెండు ఫోల్డర్ల తాళాలు వేర్వేరు జాతులవి. ఒకటి పది నిమిషాల్లో విప్పగలిగేది, రెండోది ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసి పనిచేసినా విప్పలేనిది. ఏది ఏదో తెలియక, మొదటి రకం తాళానికే భయపడి ఫైళ్లు పారేసుకున్నవాళ్లని చూశాను. రెండో రకాన్ని తేలిగ్గా తీసుకుని పోగొట్టుకున్నవాళ్లనీ చూశాను.

ముందు మొదటి తాళం సంగతి.

మన ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకటేశ్వరరావులుంటే పోస్ట్‌మాన్ ఇబ్బంది పడతాడు. ఆధార్ కార్యాలయం పడదు, దానికి పేరుతో పని లేదు, అంకెతోనే పని. విండోస్ కూడా అంతే. తెర మీద మన పేరు, ఫొటో చూపించి పలకరిస్తుంది గానీ, లోపల మాత్రం మనల్ని ఒక పొడవాటి సంఖ్యగానే గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సెక్యూరిటీ ఐడెంటిఫయర్ అంటారు, పొట్టిగా సిడ్. చూడటానికి ఇలా ఉంటుంది: ఎస్-1-5-21-1845912743-2210034987-3096651180-1001. చివరి 1001 ఆ కంప్యూటర్‌లో ఆ మనిషి వరస సంఖ్య. దాని ముందున్న మూడు పెద్ద సంఖ్యలూ ఆ విండోస్‌వి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒకే ఒక్కసారి, ఎవరూ ఊహించలేని విధంగా పుట్టేవి. ఒక్కొక్కటి 32 బిట్లు, మొత్తం 96. ఎన్ని రకాలుగా పుట్టవచ్చంటే, దాదాపు ఎనిమిది పక్కన 28 సున్నాలన్ని రకాలుగా. అందుకే అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ రెండోసారి వేసినా పాత సంఖ్య మళ్లీ రావడమనేది జరగదు.

1993లో విండోస్ ఎన్‌టీతో పాటు వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థలో ప్రతి ఫైలుకీ, ప్రతి ఫోల్డర్‌కీ ఒక చిట్టా అంటించి ఉంటుంది. యజమాని ఎవరు, చదివేందుకు ఎవరికి హక్కుంది, రాసేందుకు ఎవరికుంది అన్నది అందులో ఉంటుంది. ఆ చిట్టాలో పేర్లుండవు, సిడ్‌లే ఉంటాయి. అది ఉండేది డీ డ్రైవ్‌లో, ఫైలు పక్కనే. ఏ సిడ్ ఏ మనిషిదో చెప్పే పట్టిక మాత్రం సీ డ్రైవ్‌లో, విండోస్ దగ్గర ఉంటుంది. సీ ఫార్మాట్ అయింది. పట్టిక పోయింది, చిట్టా మిగిలింది.

అపార్ట్‌మెంటుకి కొత్త వాచ్‌మన్ వచ్చాడనుకోండి. పాతవాడు ఒక్కో తలుపు మీదా ఎవరిని రానివ్వాలో నంబర్లు రాసిపెట్టి వెళ్లాడు. కొత్తవాడు మనకి కొత్త నంబరిచ్చాడు. మనం ఇరవయ్యేళ్లుగా ఉంటున్న గది ముందుకెళితే వాచ్‌మన్ తలుపు మీది నంబరు చూస్తాడు, మన నంబరు చూస్తాడు, కుదరదంటాడు. మన ముఖం అతనికి తెలియదు. పేరు చెప్పినా లాభం లేదు.

‘నలుగు’ ఫోల్డర్ యాజమాన్యాన్ని ముందు మార్చుకుని (ఎలాగో కింద చెబుతాను), దాని ప్రాపర్టీస్ తెరిచి సెక్యూరిటీ పేజీలోకి వెళితే ఇదంతా కళ్లెదుటే కనిపించింది. అనుమతుల జాబితాలో ఒకే ఒక్క వరస ఉంది. ‘అకౌంట్ అన్‌నోన్’ అని రాసి, పక్కన ఎస్-1-5-21తో మొదలయ్యే సంఖ్య. మనవలు పొరపాటున చెరిపేస్తారని పెదనాన్న మిగతా అందరినీ జాబితాలోంచి తీసేసి తనొక్కడినే ఉంచుకున్నాడు. ఆ తెలియని అకౌంట్ ఆయనే. "ఇదిగో పెద్దమ్మా, పెదనాన్న నంబరు" అని చూపించాను. కాసేపు దానివంకే చూసింది.

విండోస్ తయారుచేసినవాళ్లు ఈ పరిస్థితిని ముందే ఊహించారు. ఉద్యోగి మానేస్తాడు, మనిషి పోతాడు, అకౌంట్ చెరిగిపోతుంది. ఫైళ్లు అనాథలు కాకూడదు కదా. అందుకని అడ్మినిస్ట్రేటర్‌కి ఒక ప్రత్యేకాధికారం ఇచ్చారు. చిట్టాలో తన నంబరు లేకపోయినా సరే, ఏ ఫైలు యాజమాన్యాన్నైనా తన పేరు మీదికి మార్చుకోవచ్చు. ఆ పని నేరుగా ఫైలుని తెరిచి ఇచ్చేయదు. యజమాని అయినవాడికి చిట్టాని తిరగరాసే హక్కు వస్తుంది, అంతే. ఆ తిరగరాసిన చిట్టాలో తన నంబరుని చేర్చుకున్నాకే తలుపు తెరుచుకుంటుంది. భూమి విషయంలో కూడా ముందు రిజిస్ట్రేషను, తరవాత పాస్‌బుక్కులో పేరెక్కడం. రెండూ వేర్వేరు పనులు. చాలామంది మొదటి మెట్టు ఎక్కి, రెండోది మరిచిపోయి, యజమానినైనా ఫైలు తెరుచుకోవటం లేదేమని తల పట్టుకుంటారు.

చేసే పద్ధతి ఇది. సెక్యూరిటీ పేజీలో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి, ఓనర్ అన్నచోట ఛేంజ్ నొక్కి, కొత్త అకౌంట్ పేరిచ్చి, లోపలి ఫోల్డర్లకీ ఫైళ్లకీ ఇదే వర్తించాలన్న గడిలో టిక్ పెట్టాలి. ఆ తరవాత అనుమతుల జాబితాలో ఆ పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. వేల ఫైళ్లుంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘టేక్‌ఓన్’తో యాజమాన్యం, ‘ఐక్యాకల్స్’తో అనుమతి మార్చడం మేలు. ఒక్కోసారి ఇంత కూడా అక్కర్లేదు. ఫోల్డర్ మీద నొక్కగానే వచ్చే పెట్టెలో కంటిన్యూ అంటే విండోసే మన నంబరుని జాబితాలో రాసేస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇదంతా మన ఫోల్డర్‌కే చేయాలి. విసుగొచ్చి మొత్తం సీ డ్రైవ్‌కి చేస్తే విండోస్ సొంత ఫైళ్ల మీద దాని రక్షణ పోయి, బాగున్న కంప్యూటర్ పాడవుతుంది.

‘నలుగు’ తెరుచుకుంది. అరవై ఏడు పాటలు.

ఈ తాళం ఎంత పల్చటిదో చూడాలంటే ఇంకో దారి ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లాంటి లినక్స్ పెట్టుకుని, విండోస్‌ని నిద్రలేపకుండా దానితోనే కంప్యూటర్ నడిపితే, ఇలాంటి ఫోల్డర్లు ఏ అనుమతీ అడక్కుండానే తెరుచుకుంటాయి. చిట్టా అక్కడే ఉంది, అది మారలేదు. దాన్ని చదివి అడ్డుపడే వాచ్‌మన్ మాత్రం డ్యూటీలో లేడు. లినక్స్‌లోనూ సొంత ఫైళ్లకి యజమాని ఉంటాడు, అక్కడా పేరు కాక నంబరే. కాకపోతే ఆ నంబరు చిన్నది. ఉబుంటులో మొదటి మనిషి ఎప్పుడూ 1000. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మొదటి మనిషి 1000యే కాబట్టి పాత ఫైళ్లు చాలాసార్లు ఏ గొడవా లేకుండా తెరుచుకుంటాయి. ఇంట్లో ఇద్దరుండి, రెండోసారి అకౌంట్లు తెరిచే వరస తారుమారైతే మాత్రం ఒకరి ఫైళ్లు మరొకరివైపోతాయి. అప్పుడు ‘చౌన్’ అనే ఆదేశంతో సరిదిద్దుకోవాలి.

అంటే ఇంతసేపూ చెప్పుకున్నది తాళం కూడా కాదు, ఒక కట్టుబాటు. పాటించేవాడున్నంతసేపే అది ఉంటుంది.

‘అప్పగింతలు’ దగ్గర కట్టుబాటు ప్రసక్తే లేదు. ఫైళ్ల యాజమాన్యం తీసుకున్నాను, అనుమతులు చేర్చాను, చిట్టా అంతా సక్రమంగా ఉంది. పాట మీద నొక్కితే మళ్లీ అదే మాట. అప్పుడు గమనించాను, ప్రతి ఫైలు బొమ్మ మూలనా చిన్న తాళంకప్ప గుర్తు. విండోస్ 7లో అయితే ఇలాంటి పేర్లు ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించేవి. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఒక గడి ఉంటుంది, సమాచారాన్ని భద్రపరచడానికి ఎన్‌క్రిప్ట్ చెయ్యి అని. అప్పగింతల పాటలు పెదనాన్నకి ప్రాణం. వాటికి ఇంకాస్త భద్రత ఉండాలని ఆ గడిలో టిక్ పెట్టినట్టున్నాడు.

ఒక ఫైలుని డిస్క్ ఎడిటర్‌తో తెరిచి, లోపలి బైట్లని నేరుగా చూశాను. మామూలు వేవ్ ఫైలు ఏదైనా ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. ‘నలుగు’లో ప్రతిదానికీ అవి ఉన్నాయి. ఇక్కడ లేవు. మొదటి బైటు నుంచి ఆఖరిదాకా ఏ వరసా, ఏ పొందికా లేని రాశి. వాచ్‌మన్ అడ్డం రావటం కాదు, గదిలో సామానే మారిపోయింది. వానచప్పుడులోంచి పాట ఏరుకోవాలన్నట్టుంది.

ఇది విండోస్ 2000తో వచ్చిన ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమ్, ఈఎఫ్ఎస్. విండోస్ హోమ్ రకాల్లో ఉండదు, ప్రొఫెషనల్‌లో ఉంటుంది. లోపల జరిగేది చాలా అందమైన ఏర్పాటు, కొంచెం ఓపిగ్గా చూడాలి.

గడిలో టిక్ పెట్టగానే విండోస్ ఆ ఒక్క ఫైలు కోసం ఒక తాళంచెవిని పుట్టిస్తుంది. అది 256 బిట్ల సంఖ్య. దానితో ఏఈఎస్ అనే పద్ధతిలో ఫైలుని కలగాపులగం చేస్తుంది. ఏఈఎస్ రహస్యమేమీ కాదు. బెల్జియంకి చెందిన జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించారు, 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఎలా పనిచేస్తుందో ప్రతి అడుగూ అచ్చులో ఉంది. గుట్టంతా చెవిలోనే. ఆ చెవి ఎన్ని రకాలుగా ఉండవచ్చంటే ఒకటి పక్కన 77 సున్నాలకి పైమాటే. ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోవడమన్న మాట ఇక్కడ అర్థం లేనిది.

మరి ఆ చెవిని ఎక్కడ దాచాలి? ఫైలు పక్కనే పెడతారు, కానీ ఇంకో పెట్టెలో వేసి. గుడి హుండీ గుర్తుకు తెచ్చుకోండి. చీలికలోంచి ఎవరైనా కానుక వేయవచ్చు. తీయాలంటే మాత్రం తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. గణితంలో ఇలాంటి హుండీని 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు కట్టారు, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్ఎస్ఏ అంటారు. ప్రతి మనిషికీ రెండు సంఖ్యల జత. బయట పెట్టేది ఒకటి, అది హుండీ చీలిక. దాచుకునేది ఒకటి, అది హుండీ తాళంచెవి. విండోస్ ఫైలు చెవిని ఆ మనిషి హుండీలో వేసి, హుండీని ఫైలుకే అంటిస్తుంది. వెయ్యి ఫైళ్లకి వెయ్యి చెవులు, వెయ్యి హుండీలు. వాటన్నిటినీ తెరిచేది మాత్రం ఒక్కటే, ఆ మనిషి దాచుకున్న సంఖ్య.

ఆ సంఖ్య ఉండేది సీ డ్రైవ్‌లో, ఆ మనిషి సొంత ఫోల్డర్ అడుగున, ఆయన సిడ్‌ పేరుతోనే ఉన్న చిన్న ఫోల్డర్‌లో. అక్కడ కూడా విడిగా ఉండదు. దాన్ని ఇంకో చెవితో మూస్తారు, ఆ చెవిని మూయడానికి పాస్‌వర్డ్‌నీ సిడ్‌నీ కలిపి లెక్కగట్టిన విలువ వాడతారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాస్‌వర్డ్ నాకు తెలుసు కదా, ఫైలు ఎందుకు రాదు అని అడుగుతారు. పాస్‌వర్డ్ అసలు చెవి కాదు. అసలు చెవి దాచిన పెట్టెకి అది తాళంచెవి. పెట్టే లేనప్పుడు దాని తాళంచెవి చేతిలో ఉండి ఏం ప్రయోజనం? పెద్దమ్మ పాస్‌వర్డ్‌ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది. సీ డ్రైవ్ ఫార్మాట్ అయిన క్షణంలోనే ఆ పెట్టె పోయింది.

ఫార్మాట్ చేయకుండా పైపైన విండోస్ వేసి ఉంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు పాత విండోసూ, పాత మనుషుల ఫోల్డర్లూ ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి చేరతాయి. విండోస్ 10లో అది సాధారణంగా పది రోజుల తరవాత తనంతట తనే చెరిగిపోతుంది. ఆ పది రోజుల్లో ఎవరైనా దాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసి ఉంచితే, పాత పాస్‌వర్డ్ తెలిసి ఉంటే, పని తెలిసినవాళ్లు ఆ పెట్టెని తెరిచి అసలు చెవిని బయటికి తీయగలరు. అందుకే ఇలాంటి కంప్యూటర్ మా దగ్గరికి వచ్చినప్పుడు మొదట వేసే ప్రశ్న ఫార్మాట్ చేశారా, ఎన్ని రోజులైంది అని. చెరిగిన ఫైళ్లని వెతికి తీసే ప్రోగ్రాములతో పెదనాన్న డిస్కుని రెండు రాత్రులు గాలించాం. ఆయన సొంత ఫోల్డర్ ఉన్నచోటల్లా కొత్త విండోస్ ఫైళ్లు కూర్చున్నాయి.

ఈ ప్రమాదం విండోస్‌కి తెలియనిది కాదు. విండోస్ విస్టా నుంచి, మొదటిసారి ఏదైనా ఫైలుని ఎన్‌క్రిప్ట్ చేయగానే మూలన ఒక చిన్న పెట్టె లేస్తుంది, మీ తాళంచెవికి నకలు తీసి దాచుకోండి అని. అప్పుడు రెండు నిమిషాలు కేటాయిస్తే పీఎఫ్ఎక్స్ అనే చిన్న ఫైలు తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టుకుంటే, కొత్త విండోస్‌లో దాని మీద రెండుసార్లు నొక్కి, దాని పాస్‌వర్డ్ ఇస్తే చాలు, పాత ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి. సిడ్ మారినా ఫరవాలేదు. ఆఫీసుల్లో అయితే ఉద్యోగుల ఫైళ్లకి రెండో హుండీ కూడా అంటించే ఏర్పాటు ఉంటుంది, దాని చెవి సంస్థ దగ్గర ఉంటుంది. ఇంటి కంప్యూటర్లకి అలాంటి దిక్కు లేదు. పెదనాన్న బీరువా అంతా వెతికాం. పీఎఫ్ఎక్స్ దొరకలేదు.

నేడు ఎక్కువమందికి ఎదురయ్యేది ఈఎఫ్ఎస్ కాదు, మొత్తం డ్రైవ్‌నే మూసే బిట్‌లాకర్. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో అది మనకి చెప్పకుండానే మొదలవుతుంది, హోమ్ రకంలో కూడా. రోజూ మనకి దాని ఉనికి తెలియదు. డీ డ్రైవ్ చెవిని సీ డ్రైవ్ దాచుకుని, ఆన్ కాగానే తనే తెరుస్తుంది. సీ ఫార్మాట్ అయిన రోజున ఆ చెవి పోతుంది, డీ డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. వాటిలో ఒక చక్కటి సంగతి దాగి ఉంది. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఎందుకంటే ఒక్కో గుంపు 16 బిట్ల సంఖ్యని 11తో హెచ్చవేసి రాసినది. ఉదాహరణకి 12345ని 11తో హెచ్చవేస్తే 135795. బళ్లో నేర్చుకున్న సూత్రం గుర్తుందా? ఒకటి, మూడు, ఐదు స్థానాల అంకెల్ని కూడండి: 1, 5, 9 కలిపి 15. రెండు, నాలుగు, ఆరు స్థానాలవి: 3, 7, 5 కలిపి 15. తేడా సున్నా, కాబట్టి 11తో పోతుంది. ఇప్పుడు కంగారులో చివరి రెండంకెల్నీ తారుమారు చేసి 135759 అని కొట్టామనుకోండి. 11కీ 19కీ తేడా 8. పోదు. కంప్యూటర్ ఆ గుంపు దగ్గరే ఆపి, తప్పు కొట్టావంటుంది. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు రెండు అటూ ఇటూ అయినా 11 వదిలిపెట్టదు. మన ఆధార్ సంఖ్యలో చివరి అంకె కూడా ఇలాంటి కాపలాకే ఉంది, అక్కడ లెక్క వేరు. 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65535, దాన్ని 11తో హెచ్చవేస్తే 720885. కాబట్టి ఏ గుంపూ 8తో గానీ 9తో గానీ మొదలవదు. చేతిరాతలో 1నో 7నో 9గా పొరబడ్డ కాగితాన్ని ఒకసారి ఈ ఒక్క గుర్తుతోనే సరిచేసుకున్నాం.

రికవరీ కీ చాలావరకు ఆ మనిషి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. వేరే ఫోన్‌లోంచి లాగిన్ అయి చూడవచ్చు. ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో కీ కాబట్టి, తెర మీద కనిపించే గుర్తింపు కోడ్‌తో పోల్చుకుని సరైనది ఎంచుకోవాలి. షాపులో ఇచ్చేముందే ఆ అంకెల్ని కాగితం మీద రాసుకోవాలి. ‘బిట్‌లాకర్ ఉందా’ అని అడగకుండా ఫార్మాట్‌కి పూనుకునే మెకానిక్ ఎంత పనిమంతుడైనా నేనైతే నా కంప్యూటర్ ఇవ్వను.

‘అప్పగింతలు’ గురించి పెద్దమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, కానీ వినలేమన్నాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఒరేయ్, అంబాజీపేట అవతల ఒకావిడ పాడితే, వాళ్లమ్మాయి అడిగిందని మీ పెదనాన్న చిన్న డ్రైవ్‌లో వేసి ఇచ్చాడురా. ఇచ్చి చాలా ఏళ్లయింది" అంది.

ఫోన్ చేశాం. ఆ పెన్‌డ్రైవ్ ఇంకా వాళ్ల దేవుడి గూట్లో పసుపు కుంకుమల పక్కన ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లు దాదాపు అన్నీ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉండేవి. దానికి చిట్టాలూ తెలియవు, తాళాలూ తెలియవు. విండోస్ 7లో ఈఎఫ్ఎస్ ఫైలుని అలాంటి డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే ఒక ప్రశ్న వస్తుంది, ఎన్‌క్రిప్షన్ లేకుండానే కాపీ చేయమంటారా అని. అవునంటే ఫైలు విప్పుకుని, మామూలుగా వెళుతుంది. పెదనాన్న ఆ రోజు అవుననే అన్నాడన్నమాట.

దానిలో పద్నాలుగు పాటలున్నాయి. మిగిలిన తొంభై రెండూ డీ డ్రైవ్‌లో అలాగే ఉన్నాయి. పెద్దమ్మ ఆ డ్రైవ్‌ని తీయించి, కొత్తది వేయించి, పాతదాన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. మొదటి పాట మా ముందుగదిలో వేశాం. పాడుతున్నావిడ రెండో చరణం దగ్గర ఆగి, మాట మరిచిపోయి, పక్కనున్న ఎవరినో అడిగింది. ఆ మధ్యలో ఎవరో మెల్లిగా దగ్గారు. పెద్దమ్మ చెయ్యెత్తి, మళ్లీ వెనక్కి తిప్పమంది.